ఫోమ్‌కి డబ్బు పెట్టకముందు మీ గది తలుపు సంగతి చూడండి

మీరు చెప్పినదాన్ని బట్టి గది పది అడుగులు బై పన్నెండు, ఇటుక గోడలు, ఒక తలుపు, ఒక కిటికీ. పాట, గిటార్ రికార్డు చేసుకోవాలి. బయటి ట్రాఫిక్ మైకులో పడకూడదు, రాత్రిపూట మీరు పాడుతుంటే పక్కగదిలో వాళ్ల నిద్ర చెడకూడదు. దీనికి నాలుగు గోడలకీ రెండంగుళాల ఫోమ్ అంటించాలా, లేక మాస్ లోడెడ్ వినైల్ షీటు (బరువు కలిపిన ప్లాస్టిక్ షీటు) వేయించాలా అని అడిగారు. మీ గదికైతే రెండూ వద్దు. ఎందుకో చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

మీరు అడిగిన ఒక్క ప్రశ్నలో రెండు వేరు వేరు పనులున్నాయి. శబ్దం గోడ దాటకుండా ఆపడం ఒకటి. గదిలో మోత (ప్రతిధ్వని) తగ్గించి గొంతు శుభ్రంగా వినిపించేలా చేయడం ఇంకొకటి. వీటికి వాడే సామాను దాదాపు ఒకదానికొకటి విరుద్ధం. ఆపడానికి బరువు కావాలి, గాలి చొరబడని బిగింపు కావాలి. మోత తగ్గించడానికి గాలి లోపలికి దూరి పీచులో రాసుకుని శక్తి పోగొట్టుకునే మెత్తటి, మందమైన సరుకు కావాలి. ఫోమ్ రెండో రకం. దాని గుండా మీరు నోటితో గాలి ఊదితే అవతలికి వెళ్తుంది, శబ్దం కూడా అలాగే వెళ్తుంది. ఫోమ్ అంటించాక గదిలో చప్పట్లు కొడితే మోత తగ్గినట్టుంటుంది కాబట్టి 'సౌండ్‌ప్రూఫ్ అయిపోయింది' అనిపిస్తుంది, పక్కగదిలోకి వెళ్లి వింటే మాత్రం పాట ముందు ఎలా వినిపించేదో అలాగే వినిపిస్తుంది.

ఏం కొనాలన్నది తర్వాత. ముందు శబ్దం ఎక్కడినుంచి వస్తోందో కనిపెట్టండి. రాత్రి గదిలో లైటు తీసేసి, తలుపు మూసి, అవతలి నుంచి ఎవరినైనా టార్చి వేసి చట్రం అంచుల వెంబడి తిప్పమనండి. వెలుతురు ఎక్కడ కనిపిస్తే అక్కడ శబ్దం వస్తోందని అర్థం. ఆ తర్వాత గదిలో స్పీకరు పెట్టి పింక్ నాయిస్ (అన్ని స్థాయిల స్వరాలూ కలిసిన హోరు) గట్టిగా వేసి, బయట తలుపు అంచులు, కిటికీ, స్విచ్ బోర్డులు, ఏసీ పైపు వెళ్లే రంధ్రం, ఇవన్నీ చెవి దగ్గరగా పెట్టి వినండి. ఫోన్లో శబ్దం కొలిచే యాప్ ఉంటే వాడొచ్చు, కానీ అది చూపే అంకెను నమ్మొద్దు, పనికి ముందు ఎంత, తర్వాత ఎంత అన్న తేడా మాత్రమే చూడండి. ఫోను అదే చోట, అదే వాల్యూముతో.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. తలుపు ఉన్న గోడ పన్నెండు చదరపు మీటర్లు అనుకుందాం, అందులో తలుపు రెండు. గోడ 50 డెసిబెల్ ఆపుతుంది, సందులున్న మామూలు బోలు తలుపు 20 ఆపుతుంది. మొత్తం కలిపితే ఎంత ఆగుతుంది? సగటు తీసి 45 అనుకుంటారు చాలామంది. అసలు వచ్చేది సుమారు 28. మీరు బోలెడు ఖర్చు పెట్టి గోడని 50 నుంచి 60కి తీసుకెళ్లారనుకోండి, మొత్తం మళ్లీ 28 దగ్గరే ఉంటుంది, చెవికి తెలిసేంత తేడా రాదు. అదే గోడ జోలికి పోకుండా తలుపు ఒక్కటి 20 నుంచి 30కి తెస్తే మొత్తం 37 దాటుతుంది. పది డెసిబెల్ తగ్గితే చెవికి శబ్దం దాదాపు సగానికి పడినట్టు వినిపిస్తుంది కాబట్టి ఇది చిన్న తేడా కాదు. బలహీనమైన చోటే మొత్తం ఫలితాన్ని నిర్ణయిస్తుంది. సామాను అమ్మేవాళ్లు ఈ లెక్క చెప్పరు, ఎందుకంటే గోడ విస్తీర్ణం ఎక్కువ, దాని మీద అమ్మకం కూడా ఎక్కువ.

వినైల్ షీటు సంగతి ఇక్కడే తేలిపోతుంది. ఈ షీటు మామూలుగా దొరికేది చదరపు మీటరుకు 5 కిలోలు. బరువు రెట్టింపైతే లెక్క ప్రకారం 6 డెసిబెల్ దాకా లాభం, ఆచరణలో కాస్త తక్కువ. మీ గోడ నాలుగున్నర అంగుళాల ఇటుక, ప్లాస్టరింగుతో కలిపి అనుకున్నా చదరపు మీటరుకు 200 కిలోల పైనే ఉంటుంది, తొమ్మిది అంగుళాలదైతే 400 పైన. 200 కిలోల మీద 5 కిలోలు కలిపితే వచ్చేది 0.2 డెసిబెల్, ఏ చెవికీ తెలియదు. వినైల్ పనికిరానిదని కాదు. పల్చటి జిప్సం పార్టిషన్ మీద, డక్టు చుట్టూ, తలుపు రెక్క మీద, అంటే బరువు తక్కువున్న చోట, వంచాల్సిన చోట దానికి పని ఉంది. అక్కడ కూడా కేవలం బరువే కావాలంటే 12.5 మిల్లీమీటర్ల జిప్సం బోర్డు ఒక్క పొర చదరపు మీటరుకు 8, 9 కిలోలు ఇస్తుంది, 12 మిల్లీమీటర్ల సిమెంట్ పార్టికల్ బోర్డు 15 దాకా ఇస్తుంది, పైగా ఇవి వినైల్ కంటే చాలా చవక.

ఇక తలుపు. మీ గదిలో అన్నింటికంటే ముందు డబ్బు పెట్టాల్సింది దీనిమీద. వేళ్లతో తట్టి చూడండి, డొల్లగా మోగితే లోపల ఖాళీ, అది మార్చాల్సిందే, లేదా దాని మీద 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ (చెక్క పీచు నొక్కి చేసిన పలక) గానీ సిమెంట్ బోర్డు గానీ పొరగా బిగించాలి. బిగించే ముందు రెండు పొరల మధ్య గ్రీన్ గ్లూ లాంటి, ఎప్పటికీ గట్టిపడని డ్యాంపింగ్ జిగురు పూస్తే ఇంకా మంచిది, రెక్క కంపించడం తగ్గుతుంది. బరువు పెరుగుతుంది కాబట్టి బందులు మూడు కాస్తా నాలుగు చేయాలి, మరలు పొడుగువి వాడాలి, లేకపోతే కొన్ని నెలలకే రెక్క దిగి నేలకు రాసుకుంటుంది.

ఘనమైన చెక్క తలుపే ఉన్నా సరే, కింద సెంటీమీటరు సందు ఉంటే వృథా. 30 డెసిబెల్ ఆపగల తలుపు ఆ ఒక్క సందుతో 22కి పడిపోతుంది. రెక్క మీద ఎంత బరువు మోపినా ఆ సందు ఉన్నంతవరకు 23 దాటదు. మూడు వైపులా చట్రానికి రబ్బరు గ్యాస్కెట్ వేయండి, స్పాంజి టేపు కాదు, అది ఒక ఏడాదిలో అణగిపోతుంది. లోపల బోలుగా ఉండి నొక్కితే మళ్లీ లేచే ఈపీడీఎం అనే రకం రబ్బరు తీసుకోండి. కిందికి డ్రాప్ సీల్ అని దొరుకుతుంది, తలుపు మూసినప్పుడు దానంతట అదే దిగి నేలకు ఒత్తుకుంటుంది. గడప ఉంటే దానికే గ్యాస్కెట్ వేయొచ్చు. సరిగ్గా కూర్చుందో లేదో చూడ్డానికి కాగితం ముక్క మధ్యలో పెట్టి తలుపు మూసి లాగండి, ఎక్కడ లాగినా గట్టిగా పట్టినట్టుండాలి, సులువుగా జారొచ్చిన చోట మళ్లీ సర్దాలి.

చాలామంది మర్చిపోయేది చట్రానికీ గోడకీ మధ్య ఉన్న సందు. బీడింగ్ పట్టీ విప్పి చూస్తే లోపల కొన్నిచోట్ల వేలు దూరేంత ఖాళీ కనిపిస్తుంది. అక్కడ స్ప్రే చేసే పీయూ (పాలీయురెథేన్) ఫోమ్ కొట్టి పని అయిందనుకుంటారు. అది గాలిని ఆపుతుంది గానీ దాదాపు బరువే ఉండదు, శబ్దాన్ని అంతగా ఆపదు. పెద్ద ఖాళీలకు సిమెంటు మోర్టార్, చిన్నవాటికి ఎండాక కూడా సాగే అకౌస్టిక్ సీలెంట్ వాడండి. పైన ఎలాగూ బీడింగ్ మళ్లీ వస్తుంది కాబట్టి అందం గురించి ఆలోచించక్కర్లేదు.

ఒక్క తలుపుతో ఎంత చేసినా ఒక హద్దు ఉంటుంది. గోడ మందం ఉంటే లోపలివైపు రెండో తలుపు పెట్టండి, మధ్యలో పది సెంటీమీటర్ల పైన ఖాళీ. స్టూడియోల్లో రెండేసి తలుపులు కనిపించేది అందుకే.

కిటికీ దగ్గర మొదటి ప్రశ్న: మీకు అది నిజంగా కావాలా? రికార్డింగ్ సమయంలో మాత్రమే మూసుకుంటే చాలు అనుకుంటే కిటికీ గూడు కొలతకు ఎండీఎఫ్ పలక కోయించి, అంచుల చుట్టూ గ్యాస్కెట్ వేసి, లోపలినుంచి బిగించి పెట్టేలా క్లిప్పులు పెట్టుకోండి. తక్కువ ఖర్చు, ఫలితం బాగుంటుంది, అద్దె ఇంట్లో కూడా కుదురుతుంది. వెలుతురు కావాలంటే ఉన్న కిటికీని ఉంచి లోపలివైపు రెండో కిటికీ పెట్టించండి. రెండు అద్దాల మధ్య పది సెంటీమీటర్లన్నా ఉండాలి. బజారులో డబుల్ గ్లేజింగ్ పేరుతో దొరికేవాటిలో మధ్య ఖాళీ ఒకటి రెండు సెంటీమీటర్లే ఉంటుంది, అది వేడికి పనికొస్తుంది గానీ ట్రాఫిక్ గురగురకు పెద్దగా పనికిరాదు. రెండు అద్దాలూ ఒకే మందం ఉండొద్దు. ప్రతి అద్దం తన మందాన్ని బట్టి ఒక ఫ్రీక్వెన్సీ (సెకనుకు ఎన్ని కంపనాలో హెర్ట్జ్‌లో చెప్పే లెక్క) దగ్గర బలహీనపడుతుంది, 6 మిల్లీమీటర్లదైతే సుమారు 2000 హెర్ట్జ్ దగ్గర. ఒకటి 6, ఒకటి 10 తీసుకుంటే రెండింటి బలహీనత ఒకే చోట పడదు. మధ్యలో ప్లాస్టిక్ పొర ఉండే లామినేటెడ్ అద్దం ఇంకా మంచిది, ఆ పొర కంపనాన్ని తినేస్తుంది. పక్కకు జరిపే స్లైడింగ్ కిటికీ మాత్రం వద్దు, ట్రాక్‌లో సందులు ఉండి తీరతాయి, తెరిచి మూసే రెక్కల కిటికీయే బిగుతుగా పడుతుంది. కర్టెన్ల గురించి అడిగేవాళ్లు ఉంటారు కాబట్టి ఒక మాట: ఎంత మందమైన కర్టెనైనా గదిలో మోత తగ్గిస్తుంది, బయటి హారన్ ఆపదు.

తలుపు, కిటికీ, రంధ్రాలు అన్నీ అయ్యాక మళ్లీ కొలవండి. మీ అవసరానికి, అంటే గొంతు, గిటార్, ఇటుక గోడలు, చాలావరకు ఇక్కడితో సరిపోతుందని నా అంచనా. అప్పటికీ గోడ గుండానే వస్తోందని తేలితే గోడ పని మొదలుపెట్టాలి, ఇక్కడ తప్పు చేస్తే పరిస్థితి ముందుకంటే చెడిపోతుంది కాబట్టి కొంచెం ఓపికగా చదవండి.

మామూలుగా మేస్త్రీలు చేసేది ఏంటంటే, గోడకు అంగుళం మందపు చెక్క పట్టీలు కొట్టి వాటిమీద జిప్సం బోర్డు బిగిస్తారు. రెండు బరువైన పొరలు, మధ్యలో గాలి అన్నప్పుడు ఆ గాలి స్ప్రింగులా పనిచేసి ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర రెండూ కలిసి ఊగుతాయి, ఆ చోట శబ్దం ఆగకపోగా ఇంకా తేలిగ్గా దాటుతుంది. అంగుళం ఖాళీ, ఒక్క పొర జిప్సం అయితే ఆ ఊగేది సుమారు 125 హెర్ట్జ్ దగ్గర, సరిగ్గా మగ గొంతు, గిటార్ కింది తీగలు ఉండే చోట. అందుకే డబ్బు పెట్టి చేయించాక 'ముందే నయం' అనేవాళ్లు కనిపిస్తారు. అదే ఖాళీ పది సెంటీమీటర్లు, జిప్సం రెండు పొరలు అయితే ఆ ఫ్రీక్వెన్సీ 45 దగ్గరికి దిగిపోతుంది, మీ పాటకు దాంతో పనిలేదు.

సరైన పద్ధతి: గోడకు అసలు తగలకుండా, ఒకటి రెండు సెంటీమీటర్లు వదిలి, వేరే స్టడ్ ఫ్రేము (నిలువు కమ్మీల చట్రం) నిలబెట్టాలి, కింద పైన రబ్బరు పట్టీ మీద. లోపలి ఖాళీలో గ్లాస్‌వూల్ (గాజు పీచు) గానీ రాక్‌వూల్ (రాతి పీచు) గానీ వదులుగా నింపాలి. గదివైపు రెండు పొరల జిప్సం, పొరల అతుకులు ఒకదానిమీద ఒకటి పడకుండా, మధ్యలో డ్యాంపింగ్ జిగురు, అంచులన్నీ సీలెంట్‌తో. చోటు లేక వేరే ఫ్రేము కుదరకపోతే రబ్బరు క్లిప్పులు, వాటిలో కూర్చునే హ్యాట్ చానెల్ (టోపీ ఆకారపు రేకు పట్టీ) వాడొచ్చు. రెండు పద్ధతుల్లోనూ ప్రాణం ఒకటే, కొత్త పొరకీ పాత గోడకీ గట్టి లంకె ఉండకూడదు. ఎవరో పొడుగు మర ఒకటి కొట్టి అది చానెల్ దాటి అవతలి చెక్కలోకో ఇటుకలోకో దిగిందంటే కంపనం దాని గుండా నేరుగా దాటేస్తుంది. పని జరుగుతున్నప్పుడు మీరు అక్కడే ఉండి మరల పొడవు చూడండి. ఇంకో మాట, ఇప్పటికే రెండు పొరలున్న పార్టిషన్ మీద మళ్లీ ఖాళీ వదిలి మూడో పొర కట్టొద్దు. మొత్తం మందం అంతే ఉన్నప్పుడు రెండు బరువైన పొరలు, మధ్యలో ఒకే పెద్ద ఖాళీ ఉండటమే బొంగురు శబ్దాలకు మేలు.

లోపల నింపే ఉన్ని విషయంలో జనానికి సాంద్రత పిచ్చి ఎక్కువ. గోడ మధ్య ఖాళీలో ఘనపు మీటరుకు 24 కిలోల గ్లాస్‌వూల్ వేసినా, 64 కిలోల రాక్‌వూల్ వేసినా పెద్ద తేడా రాదు. అక్కడ దాని పని గాలిలో ఊగిసలాటను తగ్గించడం, అంతే. కుక్కి కుక్కి పెడితే రెండు పొరల్నీ కలిపే లంకె అయి కూర్చుంటుంది. సాంద్రత ఎక్కువుండే పలకలు గదిలోపల ప్యానెళ్లకు బాగుంటాయి, ఆకారం నిలుస్తుంది. కోసేటప్పుడు మాస్కు, చేతొడుగులు, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. థర్మాకోల్ మాత్రం దేనికీ వద్దు, బరువు లేదు, గాలి దూరదు, అంటే ఆపదు, పీల్చదు.

కొనేటప్పుడు రెండు అంకెలు చూపిస్తారు. ఎన్ఆర్‌సీ అంటే ఆ సరుకు ఎంత పీల్చుతుందన్నది, 250 నుంచి 2000 హెర్ట్జ్ వరకు నాలుగు చోట్ల కొలిచి తీసిన సగటు. ఎస్‌టీసీ అంటే కట్టిన గోడ ఎంత ఆపుతుందన్నది, 125 నుంచి 4000 హెర్ట్జ్ వరకు. ఎన్ఆర్‌సీ 0.9 అని చూపించి 'తొంభై శాతం సౌండ్‌ప్రూఫ్' అని చెప్పేవాళ్ల దగ్గర ఏమీ కొనకండి. ఎస్‌టీసీ 125 కింద ఏం జరుగుతోందో చెప్పదు, బేస్ గిటార్ కింది తీగ 41 హెర్ట్జ్. పైగా ఎస్‌టీసీ అనేది మొత్తం కట్టడానికి వచ్చే అంకె. ఒక్క షీటుకు పెద్ద ఎస్‌టీసీ రాసి ఉంటే దాన్ని ఏ గోడ మీద బిగించి కొలిచారో అడగండి.

గుడ్ల ట్రేలు, పాత పరుపుల స్పాంజి గోడలకు కొట్టాలనుకుంటున్నవాళ్ల కోసం ఇది. ధ్వని సంగతి పక్కన పెట్టండి, నిప్పు సంగతి చూడండి. 2003 ఫిబ్రవరిలో అమెరికాలోని రోడ్ ఐలాండ్ రాష్ట్రం వెస్ట్ వార్విక్‌లో స్టేషన్ అనే నైట్‌క్లబ్ తగలబడి 100 మంది చనిపోయారు, వేదిక చుట్టూ అంటించిన పాలీయురెథేన్ ఫోమ్‌కు బాణసంచా నిప్పు తగిలింది. 2013 జనవరిలో బ్రెజిల్‌లోని శాంటా మరియాలో కిస్ నైట్‌క్లబ్‌లో అదే కథ, 242 మంది, ఎక్కువమంది పొగకే పోయారు. ఇంటి గదిలో బాణసంచా ఉండదు, షార్ట్ సర్క్యూట్ ఉంటుంది. రాక్‌వూల్ రాయి కరిగించి తీసిన పీచు, అంటుకోదు. ఫోమ్ కొనక తప్పదంటే అగ్ని పరీక్ష సర్టిఫికెట్ చూపించమని అడగండి, చూపించలేకపోతే వదిలేయండి.

అన్ని సందులూ మూశాక గాలి ఎక్కడినుంచి వస్తుందన్న ప్రశ్న వస్తుంది, రావాలి. గంట పాడేసరికి గది ఉక్కిరిబిక్కిరి అవుతుంది. గాలి రావడానికీ, పోవడానికీ చెరొక బాఫిల్ పెట్టె చేయించుకోండి: మందమైన ఎండీఎఫ్ పెట్టె, లోపల గ్లాస్‌వూల్ పొర, గాలి దారి కనీసం రెండు మలుపులు తిరగాలి. దారి వెడల్పుగా ఉంచండి, ఇరుకైతే గాలి వేగం పెరిగి అదే ఒక హోరు అవుతుంది.

ఇప్పుడు గది లోపలి మోత. ఇక్కడ పీచు పలకల పని మొదలవుతుంది. ఒక అంగుళం ఫోమ్ గోడనిండా అంటిస్తే 'స', 'ష' లాంటి పైశబ్దాలు మాత్రం చచ్చిపోయి, కింది బొంగురు అలాగే మిగిలి, గొంతు పెట్టెలోంచి వచ్చినట్టు ఉంటుంది. ధ్వని అల పొడవులో నాలుగో వంతు మందం ఉంటేనే పీల్చడం బాగా జరుగుతుంది, 1000 హెర్ట్జ్‌కి అది 8.6 సెంటీమీటర్లు, 100 హెర్ట్జ్‌కి 86. అందుకే పది సెంటీమీటర్ల రాక్‌వూల్ ప్యానెల్, వెనక ఇంకో పది సెంటీమీటర్ల ఖాళీ, పైన గాలి ఊదితే దాటే బట్ట. ఇలాంటివి ఆరు నుంచి ఎనిమిది చాలు. మూలల్లో నేల నుంచి కప్పు దాకా వీలైనంత మందంగా పెట్టండి, మీ గది కొలతలకు 47, 56 హెర్ట్జ్ దగ్గర మోత పేరుకుంటుంది, అది మూలల్లోనే ఎక్కువ.

పాడేవాళ్ల విషయంలో ఒక పొరపాటు అందరూ చేస్తారు, మైకు వెనక అర్ధచంద్రాకారపు షీల్డు పెట్టేస్తారు. కార్డియాయిడ్ మైకు ముందునుంచి ఎక్కువ వింటుంది, వెనకనుంచి తక్కువ. దానికి ముందు ఏముంది? మీరు, మీ వెనక ఖాళీ గోడ. ప్యానెల్ మీ వీపు వెనక ఉండాలి. మైకుకు 30 సెంటీమీటర్ల బదులు 15 దూరంలో పాడితే గొంతు 6 డెసిబెల్ పెరిగి గది శబ్దం ఆ మేరకు వెనక్కి పోతుంది, ఖర్చు లేదు. 80 హెర్ట్జ్ దగ్గర హై పాస్ ఫిల్టర్ (అంతకంటే కింది శబ్దాలను తగ్గించే సెట్టింగు) వేస్తే ట్రాఫిక్ గురగుర చాలావరకు పోతుంది, అదీ ఉచితమే. ఫ్యాను తిరిగే కంప్యూటర్‌ని గది బయట పెట్టి పొడుగు కేబుల్ లాగండి.

తర్వాత ఎప్పుడైనా డ్రమ్స్ పెట్టాలనే ఆలోచన ఉందని కూడా రాశారు. అది వేరే లెక్క. డ్రమ్స్ 100 డెసిబెల్ సులువుగా దాటుతాయి, కిక్ డ్రమ్ (కాలి పెడల్‌తో కొట్టే పెద్ద డ్రమ్) 50, 60 హెర్ట్జ్ దగ్గర కొడుతుంది, దాని శక్తిలో కొంత గాలిలో కాకుండా నేలలోకి దిగి స్లాబు పట్టుకుని ఇల్లంతా తిరుగుతుంది. దానికి పైన చెప్పిన తలుపు, కిటికీ పని సరిపోదు, నేల, గోడలు, కప్పు అన్నీ విడిగా నిలిచే గదిలో గది కట్టాలి, స్లాబు అంత బరువు మోస్తుందో లేదో ముందు ఇంజినీరు చూడాలి. ఎలక్ట్రానిక్ డ్రమ్స్ అయితే గాలిలో శబ్దం తక్కువే, కానీ పెడల్ దెబ్బ కింది ఇంటికి దిగుతుంది. దానికి రెండు మందమైన ప్లైవుడ్ పలకలు తీసుకుని, కింది పలకలో వరసగా రంధ్రాలు చేసి వాటిలో టెన్నిస్ బంతులు కూర్చోబెట్టి, పై పలక వాటిమీద ఆనేలా పెట్టి, దానిమీద కిట్ ఉంచండి. రెండు పలకలూ ఎక్కడా ఒకదానికొకటి గానీ గోడకు గానీ తగలకూడదు.